మా బీదతనానికి సాక్ష్యం అడిగే కోర్టులు

మిరప కోతలకు వెళ్లిన మనిషి శవమై తిరిగొచ్చాడు. సంక్రాంతి దాటగానే మా ఊళ్ల నుంచి ట్రాలీ ఆటోల నిండా జనం మైదానానికి దిగుతారు. బడిలో సగం పిల్లలు కనపడరు. హాజరు పట్టీ రాసే ప్రతి పంతులుకూ తెలిసిన సంగతే ఇది. అలా వెళ్లిన వాళ్లలో మాకు మామ వరస అయ్యే ఒకాయన, చేను గట్టు మీద తెగిపడి ఉన్న కరెంటు తీగ తొక్కి అక్కడికక్కడే పోయాడు. తీగ తెగి రెండు రోజులైందనీ, ఫోన్లు చేసినా ఎవరూ రాలేదనీ ఆ ఊరి రైతులే చెప్పారు. పోస్టుమార్టం జరిగింది, పోలీసులు కాగితం రాసుకున్నారు, చేను ఆసామి దినాల ఖర్చుకని కొంత డబ్బు చేతిలో పెట్టాడు. అక్కడితో అందరి పనీ అయిపోయింది.

అత్త ఏడాది దాకా ఎవర్నీ ఏమీ అడగలేదు. ఒకరోజు బడి వదిలే వేళకు వచ్చి వరండాలో కూర్చుంది. "అల్లుడా, ఆ తీగ ఎవరిది?" అంది.

మేం ఇద్దరం పంతుళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పిల్లలకు విద్యుత్తు పాఠం చెప్తాం. వాహకం, బంధకం అని బోర్డు మీద బొమ్మలు గీస్తాం. తీగ ఎవరిదో, దానికి జవాబుదారీ ఎవరో ఏ పాఠంలోనూ లేదు. ఆ ప్రశ్న పట్టుకునే మేం మొదటిసారి సివిల్ కోర్టు మెట్లెక్కాం. అక్కడ చూసిందీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ మన యువతకూ తోటి ఉపాధ్యాయులకూ చెప్పాలని ఇది రాస్తున్నాం. కోపంగానే రాస్తున్నాం.

తీగ తెగింది మైదానంలో కాబట్టి దావా అక్కడి కోర్టులోనే వేయాలన్నారు. ఆ ఊరి వకీలు ఒకాయన మర్యాదగానే మాట్లాడాడు. ఎనిమిది లక్షల నష్టపరిహారం అడగాలంటే కోర్టు ఫీజే పదివేలు దాటుతుందని లెక్క చెప్పాడు. మన రెండు రాష్ట్రాల్లోనూ దీనికి మూలం 1956 నాటి కోర్టు ఫీజుల చట్టం. డబ్బు కోసం వేసే దావాలో అడిగే మొత్తం పెరిగేకొద్దీ ఫీజు పెరుగుతుంది. అంటే ఎంత ఎక్కువ పోగొట్టుకుంటే, గుమ్మం దాటడానికి అంత ఎక్కువ కట్టాలి. మేకను పోగొట్టుకున్నవాడు తక్కువ కడతాడు, మొగుణ్ణి పోగొట్టుకున్నది ఎక్కువ కడుతుంది. ఇది మా మాటల గారడీ కాదు, చట్టం పనిచేసే తీరే అంత.

అత్త దగ్గర పదివేలు లేవు. వకీలే ఒక దారి చూపించాడు. డబ్బంతా తానే పెడతాననీ, గెలిస్తే వచ్చినదాంట్లో మూడో వంతు ఇవ్వాలనీ అన్నాడు. ఇలాంటి ఒప్పందాలు వకీళ్ల వృత్తి నియమాలకు విరుద్ధమని మాకు తర్వాత తెలిసింది. అయినా ఆ ఒక్క మనిషి మీద కోపం పెట్టుకుని లాభం లేదు. గుమ్మం దగ్గర ఫీజు ఉన్నంత కాలం, ఆ ఫీజు కట్టి వాటా అడిగేవాడు ఎవడో ఒకడు పుట్టుకొస్తూనే ఉంటాడు. విత్తనాలిచ్చి పంట రాసుకునే షావుకారు సంతలో ఎలా పుడతాడో అలాగే.

రెండో దారి గుమాస్తా చెప్పాడు. "పాపర్ దావా వేసుకోండి" అన్నాడు. ఊళ్లలో ఐపీ పెట్టడం అంటే దివాలా తీయడం అని తెలుసు కదా, అత్త అదే అనుకుని కోప్పడింది. "నేనెవరికీ బాకీ లేను" అంది. అది వేరు, ఇది వేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 33వ ఆర్డర్ అని ఒకటుంది. ఫీజు కట్టే తాహతు లేనివాళ్లు ఆ సంగతి చెప్పుకుని, ముందుగా కట్టకుండా దావా నడుపుకోవచ్చు. 1976 వరకు చట్టంలో వాళ్ల పేరు పాపర్. ఆ ఏడాది సవరణలో ఆ మాట తీసేసి, నిర్ధనులు అనే అర్థం వచ్చే మర్యాదైన మాట పెట్టారు. కోర్టు వరండాల్లో మాత్రం పాత పేరే నడుస్తోంది. పేరైతే మార్చారు, చేయించే పని మాత్రం మారలేదు.

ఆ పని ఏమిటంటే, లేనివాళ్లు తమ దగ్గర ఏమీ లేదని నిరూపించుకోవాలి. ఉన్న ప్రతి వస్తువూ, దాని విలువా రాసి దరఖాస్తుకు జతచేయాలి. మేం వరండాలో కూర్చుని అత్త ఆస్తి రాశాం. రెండు మేకలు, ఒకటి చూలుది. కోళ్లు ఎన్నో అత్తకే తెలియదు, సాయంత్రం గూట్లోకి ఎక్కినప్పుడు లెక్కపెట్టాలి. ఇత్తడి బిందె ఒకటి. అటవీ హక్కుల పట్టా కింద రెండెకరాల పోడు. ఆ చివరి మాట దగ్గర గుమాస్తా కలం ఆగింది. "భూమి ఉందిగా?" అన్నాడు.

భూమి ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా వారసులకు వస్తుంది గానీ, అమ్మడానికీ బదిలీ చేయడానికీ వీల్లేదు. అమ్మి కోర్టు ఫీజు కట్టలేని భూమిని చూపించి తాహతు ఉందంటే ఎలా? నిర్ధనత్వం లెక్క కట్టేటప్పుడు డిక్రీ కింద జప్తుకు రాని ఆస్తిని పక్కన పెట్టాలని 33వ ఆర్డరే చెబుతోంది. ఆ మాట గుమాస్తాకు తెలియదు. మాకూ అప్పుడు తెలియదు. ఎదుటి పక్షం వకీలుకు మాత్రం తెలిసే ఉంటుంది, కానీ ఆయన మన కోసం చెప్పడు కదా.

దరఖాస్తు వేశాక ఏం జరుగుతుందో కూడా వినండి. కోర్టు కార్యాలయపు పెద్ద ఉద్యోగి, అంటే సిరస్తాదారు లాంటివాడు, తాహతు మీద విచారణ చేయాలి. తర్వాత ఎదుటి పక్షానికీ ప్రభుత్వ ప్లీడరుకూ నోటీసు వెళ్లాలి. ఈ మనిషి పేదది కాదని వాళ్లు వాదించుకోవచ్చు. తెల్ల రేషన్ కార్డు ఇచ్చింది ప్రభుత్వం, వితంతు పింఛను ఇస్తున్నది ప్రభుత్వం. కోర్టులో లేచి నిలబడి, పేదరికానికి రుజువు ఏదని అడిగే అవకాశమూ ప్రభుత్వానిదే! ఇదంతా తేలాకే అసలు దావాకు నంబరు పడుతుంది. తీగ ఎవరిది అన్న ప్రశ్న అప్పటిదాకా ఎవరి నోటా రాదు.

అంతా ఒప్పుకున్నారనే అనుకుందాం. అయినా మాఫీ అనేది మాఫీ కాదు, వాయిదా. గెలిస్తే ఆ ఫీజును, డిక్రీలో ఎవరు కట్టాలని ఉంటే వాళ్ల దగ్గర రాబడతారు, దావా ఆస్తి మీద మొదటి హక్కు ఆ ఫీజుదే. ఓడిపోతే ఆ ఫీజు వాదే కట్టాలి. కట్టకపోతే కలెక్టరు భూమిశిస్తు బకాయి వసూలు చేసినట్టు వసూలు చేయవచ్చు. మొగుణ్ణి పోగొట్టుకుని, కేసు పోగొట్టుకుని, ఆఖరికి శిస్తు బకాయిదారు! ఈ సంగతి వినగానే కేసూ వద్దు గీసూ వద్దని సగం మంది ఇంటికి పోతారు. పోవడం తెలివితక్కువతనం అని మేం అనం.

ఇప్పుడు మూడో దారి. ఇది మొదటే ఎవరైనా చెప్పి ఉండాల్సింది. 1987లో పార్లమెంటు న్యాయ సేవాధికార సంస్థల చట్టం చేసింది. అది 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. దాని 12వ సెక్షను, ఉచిత న్యాయ సహాయం ఎవరికి హక్కో చెబుతుంది. షెడ్యూల్డ్ తెగల వాళ్లు, షెడ్యూల్డ్ కులాల వాళ్లు, మహిళలు, పిల్లలు, వికలాంగులు, వెట్టికి గురైనవాళ్లు, కస్టడీలో ఉన్నవాళ్లు, ఇంకా కొందరు. వీళ్లెవరికీ ఆదాయ పరిమితి లేదు. ఆదాయం లెక్క చూసేది ఈ కోవల్లోకి రానివాళ్లకే. అంటే మన అత్త ఒకటి కాదు, రెండు విధాల అర్హురాలు. ఆదివాసీ కాబట్టి అర్హురాలు, ఆడమనిషి కాబట్టి కూడా అర్హురాలు. సహాయం అంటే వకీలును పెట్టడం ఒక్కటే కాదు. కోర్టు ఫీజు, నోటీసుల ప్రాసెస్ ఫీజు, నకళ్ల ఖర్చు, పత్రాల తర్జుమా ఖర్చు ఆ సంస్థే భరించాలి. కేసులో పైకి చూడగానే పస ఉందా లేదా అన్నది మాత్రం చూస్తారు. అది న్యాయమే.

మరి మేం జిల్లా కేంద్రంలో ఆ మెట్లెక్కితే మొదటి మాట ఏం వినపడిందో తెలుసా? "ఇన్‌కమ్ సర్టిఫికెట్ తెచ్చారా?"

తెలియక ఆ సర్టిఫికెట్ కోసమే తిరిగాం. మీసేవలో దరఖాస్తు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక రకం, రేషన్ కార్డులో ఇంకో రకం. సరిచేయించుకోవడానికి మండలానికి రెండుసార్లు. ఒకసారి సంతకం పెట్టే అధికారి మీటింగులో, ఇంకోసారి సర్వర్ పనిచేయలేదు. ఇలాంటి మరణానికి నష్టపరిహారం దావా వేయడానికి కాలపరిమితి చట్టం ఇచ్చేది చనిపోయిన రోజు నుంచి రెండేళ్లే. అత్త ఏడాది ఊరుకుంది. కాగితాల కింద మరో ఎనిమిది నెలలు పోయాయి. బీదతనం రుజువు చేసుకుంటూ ఉండగానే గడువు కరిగిపోతుంది. ఎదుటివాళ్లు ఒక్క రూపాయి ఖర్చు పెట్టకుండా, ఒక్క మాట వాదించకుండా గెలిచే పద్ధతి ఇదే.

చివరికి 12వ సెక్షను తెలుగు ప్రతి ఒకటి దొరికించుకుని, కింద గీత గీసి, కుల ధృవపత్రం జతచేసి మళ్లీ వెళ్లాం. ఈసారి లోపలి గదిలో ఉన్న పెద్ద అధికారి చదివి, కుల ధృవపత్రం చాలన్నారు. ఆ రోజే వకీలును నియమిస్తూ ఉత్తర్వు రాశారు. గడువుకు పంతొమ్మిది రోజులు ఉండగా దావా దాఖలైంది. కోర్టు ఫీజు అత్త కట్టలేదు. కాబట్టి చట్టం పనిచేయదని మేం అనడం లేదు. పనిచేస్తుంది, కాగితం మీద వేలు పెట్టి చూపించే మనిషి పక్కన ఉంటే. ఆ మనిషి లేని ఊళ్ల సంగతేమిటని అడుగుతున్నాం.

"ఫీజులు ఎత్తేస్తే దొంగ కేసులు పెరుగుతాయి" అని చదువుకున్నవాళ్లే మాతో అన్నారు. స్టాఫ్ రూములో కూడా అన్నారు. అయ్యా, దొంగ కేసు వేసేవాడికి పదివేలు ఒక లెక్కా? బినామీ పేర్ల మీద మన భూములు పట్టి, మన మీదే ఇంజంక్షన్లు తెచ్చేవాడు ఫీజు కట్టే తెస్తున్నాడు. ఫీజు ఆపేది అబద్ధాన్ని కాదు, చేతిలో డబ్బు లేని నిజాన్ని. పస లేని కేసును ఆపడానికి చట్టంలో పరిశీలన ఎలాగూ ఉంది. "కోర్టులు నడపడానికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది" అనేది రెండో మాట. న్యాయపాలనను ప్రభుత్వం లాభసాటి బేరంగా చూడకూడదని 1958లోనే లా కమిషన్ తన 14వ నివేదికలో చెప్పింది. 1976లో రాజ్యాంగంలో 39ఏ అధికరణం చేర్చారు. ఆర్థిక కారణాల వల్ల గానీ మరో లోటు వల్ల గానీ ఏ పౌరుడికీ న్యాయం అందకుండా పోకూడదని దాని సారం. టీచర్ ట్రైనింగులో ఆదేశిక సూత్రాల కింద మేం దీన్ని బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాం. ఇరవై ఏళ్ల తర్వాత కోర్టు వరండాలో గుర్తొచ్చింది.

కోర్టుతో మన పరిచయం కొత్తదేం కాదు. 1879 రంప తిరుగుబాటు గురించి పిల్లలకు చెప్పేటప్పుడు కల్లు మీద పన్ను, మన్సబుదారు దోపిడీ, పోలీసుల పీడ అని చెప్పి ఊరుకుంటాం. ఇంకో కారణం ఉంది. మైదానం నుంచి వచ్చిన వర్తకులు కొండవాళ్లతో అన్యాయమైన ఒప్పందాలు రాయించుకుని, దిగువ ప్రాంతపు కోర్టుల్లో దావాలు వేసి, వీళ్లు లేకుండానే ఎక్స్ పార్టీ డిక్రీలు తెచ్చుకుని పశువులనూ పంటనూ జప్తు చేసుకుపోయేవారు. ఇది బ్రిటిషు ప్రభుత్వ రికార్డులే ఒప్పుకున్న సంగతి. కొండ దిగి కోర్టుకు పోయే దారి లేనివాడి మీద తీర్పులు వచ్చాయి. ఆ డిక్రీలు కూడా కాగితం మీద చట్టబద్ధమే! తర్వాత 1917లో ఏజెన్సీ భూముల బదిలీ చట్టం, 1959లో 1వ రెగ్యులేషన్, దాన్ని గట్టి చేసిన 1970 నాటి 1/70 వచ్చాయి. ఏదీ ఊరికే రాలేదు.

సుప్రీంకోర్టు కూడా ఈ దూరాన్ని గుర్తించింది. 1986లో సుఖ్‌దాస్ కేసు అరుణాచల్ ప్రదేశ్ నుంచి వెళ్లింది. వకీలు లేకుండా విచారించి శిక్ష వేశారు. ముద్దాయి ఉచిత వకీలు కావాలని అడగలేదు కదా అని హైకోర్టు సమర్థించింది. తనకు హక్కు ఉందని తెలియనివాడు ఎలా అడుగుతాడని సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. ఇది క్రిమినల్ కేసు. సివిల్ దావాకు అదే తర్కం ఎందుకు వర్తించకూడదు? ఆదివాసీ కోర్టు గుమ్మంలో నిలబడితే, నీకు ఫీజు లేదని ముందు చెప్పాల్సిన బాధ్యత ఆ గుమ్మానిది కాదా?

మా డిమాండు సూటిగా ఉంది. షెడ్యూల్డ్ తెగల వాళ్లు వేసే దావాలకూ, అప్పీళ్లకూ కోర్టు ఫీజే ఉండకూడదు. దరఖాస్తు, విచారణ, వాయిదా ఏదీ వద్దు. కుల ధృవపత్రం నకలు జతచేస్తే చాలు. ఇది జరగని పనేమీ కాదు. మహారాష్ట్ర ప్రభుత్వం 1994లో మహిళలు వేసే భరణం, ఆస్తి, హింస, విడాకుల కేసుల్లో కోర్టు ఫీజు మాఫీ చేసింది. మన కోర్టు ఫీజుల చట్టంలోనూ ఫీజు తగ్గించే, తీసేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల మట్టుకు అయితే ఐదో షెడ్యూలు ఐదో పేరా ఉంది. ఏ చట్టమైనా ఇక్కడ వర్తించదనో, ఫలానా మార్పుతో వర్తిస్తుందనో గవర్నరు నోటిఫికేషను ఇవ్వవచ్చు. ఒక్క కాగితం పని. దశాబ్దాలుగా ఆ కాగితం రాయడానికి ఎవరికీ తీరిక దొరకలేదు. మన ఓట్లతో గెలిచిన మన ఎమ్మెల్యేలకు కూడా.

"మనకెందుకు కోర్టులు, మన పెద్దలు తీర్చుకోలేరా" అనే మనవాళ్లూ ఉన్నారు. మన తగవులు మన పెద్దలే తీర్చాలి, 1996 పెసా చట్టం మన పద్ధతిని కాపాడమనే చెప్పింది. మనలో మనకు వచ్చిన తగవుకు అది సరి. తీగ యజమాని మన చింతచెట్టు కింద కూర్చోవడానికి వస్తాడా?

ఇప్పుడు మన సంగతి. న్యాయ విజ్ఞాన సదస్సులు మన మండలాల్లోనూ జరుగుతాయి. బ్యానరు కడతారు, పుస్తక భాషలో గంటసేపు మాట్లాడతారు, ముసలివాళ్లు కునికిపాట్లు పడతారు, ఫొటో దిగుతారు, పులిహోర పొట్లాలు పంచుతారు. అలాంటి సదస్సు ఒకటి మా బడి ఆవరణలోనే జరిగింది. వాళ్లు అంటించి వెళ్లిన పోస్టరులో 12వ సెక్షను ఉంది, 15100 అనే ఉచిత ఫోను నంబరూ ఉంది. ఆ పోస్టరు మీద మేమే మధ్యాహ్న భోజనం మెనూ కాగితం అంటించాం. అత్త వచ్చి కూర్చున్న వరండాలో, ఆమె తల వెనక గోడ మీదే అది ఉంది. మెనూ చించాక బయటపడింది. ఎనిమిది నెలలు మేం వెతికింది మా గోడ మీదే ఉంది. ఈ తప్పు మాది, వేరేవాళ్ల మీద వేయలేం.

తోటి పంతుళ్లకు ఇంకో సంగతి. 1/70 కేసు మొదలుపెట్టడానికి భూమి పోగొట్టుకున్నవాడే దరఖాస్తు ఇవ్వాలని లేదు. పబ్లిక్ సర్వెంటు రాతపూర్వకంగా సమాచారం ఇచ్చినా, అధికారి తనంతట తానైనా విచారణ మొదలుపెట్టవచ్చని ఆ రెగ్యులేషన్‌లోనే ఉంది. ప్రభుత్వ జీతం తీసుకునే మనం పబ్లిక్ సర్వెంట్లం కాదా? ఊళ్లో ఏ సర్వే నంబరు ఎవరి చేతిలో ఉందో మనకు తెలియదా? జనాభా లెక్కలు రాస్తాం, ఓటరు జాబితా రాస్తాం, మరుగుదొడ్ల లెక్క రాస్తాం. ఈ ఒక్క కాగితం రాయడానికే చెయ్యి వణుకుతుంది. బదిలీ భయం మాకూ ఉంది. అబద్ధం చెప్పం.

ఇంటర్, డిగ్రీ చదివి ఊళ్లో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ! పారా లీగల్ వాలంటీర్లని న్యాయ సేవాధికార సంస్థలు తీసుకుంటాయి. అందులో చేరండి. కోయ, సవర, కొండరెడ్డి, జాతాపు ఊళ్లలో మన మాటల్లో ఈ సెక్షను చెప్పగలిగేది మీరే. ఎవరైనా ఆదాయ ధృవపత్రం అడిగితే, ఏ సెక్షను కింద అడుగుతున్నారో కాగితం మీద రాసిమ్మని అడగండి. మేం రెండోసారి అలాగే అడిగాం. రాసివ్వలేదు, లోపలికి పంపారు.

అత్త కేసు నడుస్తోంది. ఎదుటి పక్షం ఇంకా జవాబు దాఖలు చేయలేదు, రెండుసార్లు టైము అడిగింది. కోర్టు ఫీజు పోయింది గానీ, వాయిదా రోజు కూలీ పోవడం, పోనూ రానూ బస్సు ఛార్జీ పోలేదు. అట్రాసిటీ కేసుల్లో బాధితులకూ సాక్షులకూ ప్రయాణ ఖర్చు, భత్యం మూడు రోజుల్లోపు ఇవ్వాలని 1995 నిబంధనలు చెబుతాయి. సివిల్ దావాలో వాదికి అలాంటిదేం లేదు. పోయినసారి వాయిదాకు తెల్లవారుజామున మొదటి బస్సుకి బయల్దేరాం. అత్త సద్దిమూట తెచ్చుకుంది. జడ్జిగారు సెలవులో ఉన్నారు. తిరిగి వస్తూ బస్సులో టికెట్టు చేతిలో పెట్టుకుని, "ఇది కూడా దాచాలా అల్లుడా?" అంది. దాచమన్నాం. ఇప్పటికి పదకొండు టికెట్లు ఆమె రేషన్ కార్డు కవరులో ఉన్నాయి.